గాలి లేని నాలుగు గంటలు

"సంతకం పెట్టరా. పదకొండింటికి విచారణ జీపొస్తుంది."

మామగారు ఆ మాట అనడం అది నాలుగోసారి. భోజనాల బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను, ఎదురుగా తల వంచుకుని కొడుకు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

అత్తగారు కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నారు. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతున్నారు. అయినా వాసన ఆగడం లేదు. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ప్రహరీ గోడకి అవతలే మురుగునీటి శుద్ధి కేంద్రం. ఊరంతా వదిలేసిన నీళ్ళు అక్కడ చేరి, శుభ్రపడి, ఏట్లో కలుస్తాయి. ఇరవయ్యేడేళ్ళుగా ఆవిడ ఈ క్వార్టర్లోనే కాపురం ఉంటున్నారు. ఇంట్లోకి ఇంత వాసన ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు ఐదు రోజులైంది, పోవడం లేదు.

"కాగితంలో ఏముందో చదివారా?" గదిలోంచి వస్తూ కోడలు అడిగింది. ఆమె చేతిలో అచ్చుతీసిన కాగితాల కట్ట ఉంది.

"చదివాను," అన్నాడు భర్త తలెత్తకుండా.

"ఏముంది?"

"నా అజాగ్రత్త వల్ల బ్లోయర్లు ఆగిపోయాయని."

"ఆగిపోయాయా? ఎవరైనా ఆపారా?"

అతను పెన్ను అవతలికి జరిపాడు. మామగారు కుర్చీలో ఇటు తిరిగారు. "అమ్మాయ్, లెక్కలు నువ్వు చూసుకో. యంత్రాల సంగతి మాకొదిలెయ్. వీడు సంతకం పెడితే మందలించి వదిలేస్తారు. మహా అయితే రెండు ఇంక్రిమెంట్లు కోస్తారు. నేను పైవాళ్ళతో మాట్లాడాను."

ఆయన మాట్లాడితే పని జరుగుతుంది. ముప్పయ్యేళ్ళు ఆ కేంద్రాన్ని నడిపిన మనిషి. రెండేళ్ళ కిందట రిటైరైనా, సలహాదారు పేరుతో ఇప్పటికీ ఆఫీసులో ఆయన కుర్చీ ఆయనదే. రెండో యూనిట్ కట్టడానికి బ్యాంకుని ఒప్పించి అప్పు తెచ్చింది కూడా ఆయనే.

కోడలు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆమెది అదే కేంద్రంలో ఖర్చుల విభాగం. ఎన్ని నీళ్ళు శుద్ధి అయ్యాయి, అందుకు ఎంత ఖర్చయింది, నెలనెలా తేల్చి సంతకం పెట్టేది ఆమే.

"విచారణవాళ్ళు కంప్యూటర్ తెరిచి చూశారు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా నాలుగు బ్లోయర్లలో మూడు ఆగిపోయేలా ఎవరో టైమర్ పెట్టారు. ఒక్కరోజు కాదు, నాలుగు నెలలు. అజాగ్రత్తతో ఎవరైనా నాలుగు నెలలపాటు, రోజూ ఒకే వేళకి టైమర్ పెడతారా మామయ్యగారూ?"

"పెట్టింది వీడి పాస్‌వర్డుతోనే కదా."

ఆ మాటలో కోపం లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారాయన.

శుద్ధి కేంద్రంలో మురుగును తినేవి కంటికి కనిపించని పురుగులు. వాటికి తిండి కంటే ముందు గాలి కావాలి. బ్లోయర్లు పగలూ రాత్రీ తొట్టెల అడుగునుంచి గాలి ఊదుతుంటేనే అవి బతుకుతాయి. గాలి లేక లేక, చివరికి పోయిన ఆదివారం ఒక్కసారిగా చచ్చాయి. గోధుమరంగు నురుగు నల్లబడింది. మురుగు మురుగులాగే ఏట్లోకి పోయింది. దిగువన ఆ నీళ్ళు తాగే పేటల్లో నిన్న సాయంత్రానికి రెండువందల తొంభైమంది ఆస్పత్రుల్లో ఉన్నారు.

ఏం జరిగిందో చూద్దామని పంపుల గోతిలోకి దిగిన ముసలి ఫోర్‌మన్‌ను విషవాయువు కొట్టింది. అందరూ ముక్కుతాత అని పిలిచేవాళ్ళు ఆయన్ని. తొట్టె గట్టున నిలబడి ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఇవాళ పిల్లలకి ఆకలిగా ఉంది," అనో, "అరగలేదు, పాపం," అనో పురుగుల క్షేమం చెప్పేవాడు. మీటర్లు తప్పేవి కానీ ఆ ముక్కు తప్పేది కాదు. ఇప్పుడు ఆ ముక్కుకి గొట్టం పెట్టి ఐదు రోజులు.

"ఇవి చూడండి," కోడలు కాగితం ముందుకి జరిపింది. "నాలుగు నెలలుగా మన ఖర్చు తగ్గుతూ వచ్చింది. మురుగు శుద్ధి ఖర్చు ఎక్కడైనా తగ్గుతుందా? కరెంటు పెరిగింది. మందులు పెరిగాయి. బురద మోసే లారీల కిరాయి రెండింతలైంది. జీతాలు పెరిగాయి. పెరగనిది జనం కట్టే పన్ను ఒక్కటే. తొమ్మిదేళ్ళ కిందట ఎక్కడుందో అక్కడే ఉంది."

"ఓట్లడిగేవాడు పన్ను పెంచుతాడా? మురుగు కోసం ఎవడు జేబులో చెయ్యి పెడతాడు తల్లీ? బటన్ నొక్కగానే పోయింది కదా, ఇంక మనకెందుకు అనుకుంటాడు. అందుకే అప్పుకెళ్ళాను."

"అప్పిచ్చిన బ్యాంకు షరతు పెట్టింది. వెయ్యి లీటర్ల శుద్ధికి అయ్యే ఖర్చు ఒప్పందంలో రాసిన గీత దాటకూడదు. దాటితే రెండో విడత రాదు. రెండో యూనిట్ పునాదుల్లోనే ఆగిపోతుంది. నాలుగు నెలల కిందట మనం ఆ గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాం. ఆ తర్వాత ఏదో మంత్రం వేసినట్టు కిందికి దిగడం మొదలుపెట్టాం."

"దిగాం కదా! సంతోషించాలి గానీ, శవపంచాయితీ ఏంటి?"

"సంతోషించాను. మిఠాయి కూడా పంచాను ఆఫీసులో." ఆమె ఇంకో కాగితం పైకి తీసింది. "నిన్న కరెంటు బిల్లు గంటలవారీగా అచ్చుతీయించాను. మిగిలిందంతా ఆ నాలుగు గంటల్లోనే మిగిలింది. ఆ వేళల్లో కరెంటు రెట్టింపు ధర. ఎవరో ఆ గీత కోసమే గాలి ఆపారు. మీ అబ్బాయికి ఆ గీతతో పనేముంది మామయ్యగారూ? బ్యాంకు ఒప్పందం ఈయన కంటితో కూడా చూడలేదు."

మామగారు కుర్చీలోంచి సగం లేచారు. ఆయన ఏదో అనబోయారు.

అప్పుడు ఫోన్ మోగింది.

అత్తగారు ఎత్తారు. విన్నారు. "ఊఁ," అన్నారు ఒకసారి. "ఎప్పుడు?" అన్నారు మరోసారి. పెట్టేశారు.

"ముక్కుతాత పోయాడు," అన్నారు. పొద్దుట్నుంచీ ఇంట్లోవాళ్ళతో ఆవిడ నోరు విప్పడం అదే.

*

గోడ అవతల నాలుగు బ్లోయర్లూ శక్తికొద్దీ హోరెత్తుతున్నాయి. చచ్చినవాటికి ఇప్పుడు ఎంత గాలి ఊది ఏం లాభం?

మామగారు కుర్చీ వెనక్కి వాలారు. మొహం మీద అరచెయ్యి పెట్టుకున్నారు. ముప్పయ్యొక్క ఏళ్ళ స్నేహం. ఒకే సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళిన రోజుల గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పలేదు!

అంతలోనే ఆ చెయ్యి మొహం మీంచి దిగింది. ఆయన బల్ల మీది కాగితాన్ని తీసుకుని నిలువుగా చింపారు. అడ్డంగా చింపారు.

"ఇది వద్దు. మనిషి పోయాక ఇంక మందలింపులుండవు. జైలే."

భర్త మొదటిసారి తలెత్తాడు. "మరి?"

"వాడు చేశాడని చెప్పు."

"ఎవడు నాన్నా?"

"పోయినవాడు." మామగారు గొంతు తగ్గించారు. "సాయంత్రం షిఫ్టు వాడిదే. నీ పాస్‌వర్డు బల్లకి అంటించి ఉంచానను. వాడు చూశాడను. పొదుపు చేసి పేరు కొట్టేద్దామని చేశాడనుకుంటారు. చచ్చినవాణ్ణి తీసుకెళ్ళి జైల్లో పెట్టరు కదరా."

"శవం ఇంకా ఇంటికైనా చేరలేదు మామయ్యగారూ," అంది కోడలు.

"చేరేలోపే మనం తేల్చుకోవాలి."

అత్తగారు తడిగుడ్డ పిండుతూ ఆగారు. "చచ్చినవాడి కళ్ళు చారెడంటారు ఎవరైనా. మనం ఆ కళ్ళల్లో మట్టి కొడుతున్నాం." తర్వాత మామగారి వైపు చూడకుండానే అన్నారు, "పోయిన వారం ముక్కుతాత పెరటి గుమ్మంలో నిలబడి మీతో పెద్దగా వాదించాడు. ఎందుకది?"

"జీతం సంగతి."

"జీతం సంగతికి, 'పిల్లలు చచ్చిపోతారు పెద్దయ్యా' అంటారా ఎవరైనా?"

"నీకు వినపడింది సగం. నీ చెవులు బాగుంటే ఈ ఇల్లు ఎప్పుడో బాగుపడేది," అన్నారాయన విసురుగా.

అత్తగారు తడిగుడ్డ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల గిన్నె ఒకటి పడిన చప్పుడైంది. పడిందో, పడేశారో.

కోడలు అక్కడే నిలబడిపోయింది. తనని చూస్తే తనకే అసహ్యం వేస్తోంది. ఎందుకంటే, పోయినవాడి మీద వేసేద్దామని మామగారు అన్నప్పుడు ఆమె గుండెలో మొదట కలిగింది కోపం కాదు. హమ్మయ్య అనిపించింది. భర్త జైలుకి వెళ్ళడు. ఆ ఒక్క క్షణం ఆమెకి అంతే తోచింది.

*

పడగ్గది తలుపు వేసి ఆమె గొళ్ళెం పెట్టింది.

"మీ పాస్‌వర్డు ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"సాయంత్రం రీడింగులు రాసేది ముక్కుతాత. చీటీ మీద రాస్తే, మర్నాడు పొద్దున్నే కంప్యూటర్లో ఎక్కించేది మీరు. అవునా?"

"అవును."

"నాలుగు నెలలుగా మీరే ఎక్కించారా?"

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ పక్క కాజాలో దూరింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే దూరింది.

"సాయంత్రాలు బ్లోయర్ల చప్పుడు తగ్గిపోయింది. ఈమధ్య ఎంత ప్రశాంతంగా ఉంటోందో అని నేను మురిసిపోయాను, యంత్రాల గురించి తెలియనిదాన్ని కాబట్టి. మీకు తెలుసు కదా? అడగలేదా ఎవర్నీ?"

"అడిగాను. కొత్త పొదుపు పద్ధతి, పైనుంచి ఆర్డరుందన్నారు. సాయంత్రం చీటీలు కూడా ఇంక నన్ను ఎక్కించొద్దన్నారు."

"ఎవరన్నారు?"

అతను వినపడనట్టు గుండీలకేసి చూసుకున్నాడు.

ఆమె కాగితాలు మంచం మీద పరిచింది. తొట్టె నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో చూపించే అంకెలు, నాలుగు నెలలవి. "పొద్దున మీరు ఎక్కించినవి చూడండి. రెండు పాయింట్ ఒకటి మూడు. ఒకటి పాయింట్ తొమ్మిది ఏడు. రెండు పాయింట్ సున్నా అయిదు. మీటర్ ఎలా చూపిస్తే అలా. సాయంత్రం ఆరు, ఎనిమిది, పది గంటలవి చూడండి. రెండు పాయింట్ రెండు. రెండు. ఒకటి పాయింట్ ఎనిమిది. రెండు పాయింట్ నాలుగు. మూడువందల అరవై అంకెలు. పాయింట్ తర్వాత ఒక్కటంటే ఒక్క బేసి అంకె లేదు."

"అయితే?"

"దొంగ అంకెలు వేసేవాడు నిజంలా కనిపించాలని చూస్తాడు కదండీ. ఒకటి పాయింట్ తొమ్మిది వేస్తాడు, రెండు పాయింట్ మూడు వేస్తాడు. ఈ మనిషి చేతికి బేసి అంకె ఎందుకు రాలేదు?"

భర్త వంగి చూశాడు. ఒక పేజీ చూశాడు. రెండో పేజీ తిప్పాడు. మూడోది తిప్పబోయి మానేశాడు.

"ముల్లు మీటర్," అన్నాడు మెల్లగా.

"ఏంటది?"

"పాత మీటర్. గడియారంలాగా ముల్లు తిరిగేది. ఒకటికీ రెండుకీ మధ్య అయిదు గళ్ళే ఉండేవి దానికి. గడికి పాయింట్ రెండు. ముల్లు మధ్యలో నిలబడ్డా దగ్గరున్న గీతే రాయాలి, అదీ రూలు. పదిహేనేళ్ళ కిందట తీసేసి ఈ అంకెల మీటర్ పెట్టారు. కానీ దాని మీద చెయ్యి తిరిగినవాళ్ళు..." అతను నిటారుగా నిలబడ్డాడు. "వాళ్ళకి కళ్ళు మూసుకున్నా ఆ గీతలే కనిపిస్తాయి. లేని అంకె వేయమన్నా ఆ గీతల మీదే వేస్తారు."

"మీరు వాడారా దాన్ని?"

"నేను చేరేసరికే తీసేశారు."

భర్త ఈ అంకెలు వేయలేదు! దానికి రుజువు ఇదిగో, మంచం మీద పరుచుకుని ఉంది.

"మరి ఇప్పుడున్నవాళ్ళలో దాని మీద పనిచేసినవాళ్ళెవరు?"

"ముక్కుతాత."

"ఇంకా?"

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మూసిన కిటికీ. దాని అద్దంలోంచి అవతలి నల్లటి తొట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమండీ, ఇంకా ఎవరు?"

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది," అన్నాడు. "ఇంక అడక్కు."

గొళ్ళెం తీసి వెళ్ళిపోయాడు. గుండీ తప్పుగానే ఉంది.

*

మామగారు వెనక వరండాలో బూట్లు తుడుచుకుంటున్నారు. విచారణకి ఆయనా వెళ్ళాలి. సలహాదారుగా విచారణ సంఘం పక్కనే కూర్చోవాలి.

"ముల్లు మీటర్ మీద మీరు కూడా పనిచేశారా మామయ్యగారూ?"

గుడ్డ ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది.

"చెయ్యకుండానా? ఆ రోజుల్లో కరెంటు కోతలు. సాయంత్రమైతే నాలుగేసి గంటలు ఉండేది కాదు. చేతిలో లాంతరు, ఎదురుగా ముల్లు. గాలి లేకపోయినా పురుగులు బతికేవి. నా కళ్ళతో చూశాను. నాలుగు గంటలు ఊపిరి బిగబట్టి, కరెంటు రాగానే మళ్ళీ లేచి కూర్చునేవి." ఆయన గొంతులో ఏదో మెత్తదనం వచ్చింది, చిన్నప్పటి పిల్లల సంగతి చెబుతున్నట్టు. "ఇప్పుడు మాత్రం ఎందుకు బతకవు అనుకుని ఉంటాడు, చేసినవాడెవడో."

"అప్పుడు ఊరు చిన్నది. మురుగు పల్చన. ఇప్పుడొచ్చేది మూడింతల చిక్కన. అదీ రోజూ, నాలుగు నెలలు."

"ఆ తేడా ఆలోచించలేదు." ఆయన బూటు పక్కన పెట్టి, రెండోది తీసుకున్నారు. "చేసినవాడెవడో."

వరండాలో వాసన ఇంకా ఘాటుగా ఉంది. కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన పెట్టుకోలేదు.

"ఎందుకు చేసుంటారు మామయ్యగారూ?"

"ఎందుకేంటి? అప్పు ఆగిపోతే రెండో యూనిట్ లేదు. రెండో యూనిట్ లేకపోతే మూడేళ్ళలో ఈ ఊరి మురుగు సగం, శుద్ధి లేకుండా ఏట్లో పడుతుంది. ఆరునెలలు ఓర్చుకుంటే చాలు, రెండో విడత చేతికొస్తుంది, టైమర్ తీసేయొచ్చు. అలా అనుకుని ఉంటాడు. వాడు దొంగ కాదమ్మాయ్. ఒక్క పైసా ఇంటికి పట్టుకెళ్ళలేదు."

"మనిషి ప్రాణం పోయింది."

"పోయింది. రెండో ప్రాణం పోకుండా చూసుకో." ఆయన లేచి నిలబడ్డారు. అంత దగ్గరగా నిలబడితే ఆయన ఎంత పొడుగో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. "నెలనెలా ఖర్చు తగ్గిందని సంతకం పెట్టిందెవరు?"

ఆమె కొంగు ముక్కు మీంచి దించింది.

"నువ్వు. బ్యాంకు నమ్మింది నీ కాగితాన్ని. కరెంటు బిల్లు గంటలవారీగా నిన్న అచ్చుతీశావు. నాలుగు నెలల కిందటే ఎందుకు తీయలేదని అడుగుతారా, అడగరా? ఈ తీగ లాగావంటే డొంక కదలడం కాదు, ముందు నీ ఉద్యోగం ఊడుతుంది. ఆ తర్వాత బ్యాంకువాడు నీ మీద కేసు పెడతాడు. మొగుణ్ణి బయటికి తెచ్చి నువ్వు లోపలికి వెళ్తావా?"

"బెదిరిస్తున్నారా?"

"లెక్క చెబుతున్నాను. లెక్కల మనిషివి కదా." ఆయన చిన్నగా నవ్వారు కూడా. "నువ్వు కనిపెట్టిన సంగతే చెప్పు, ఎంత తెలివైనదానివి! బేసి అంకెల్లేవని చెప్పు. ముల్లు మీటర్ మనిషి చేశాడని చెప్పు. ఎవరని అడిగితే ముక్కుతాత పేరు చెప్పు. అబద్ధం కూడా కాదు, సగం నిజం. అందరం భోజనం వేళకి ఇంటికొచ్చేస్తాం."

వీధిలో జీపు హారన్ వినిపించింది.

*

ఊళ్ళోని ప్రధాన కార్యాలయం వసారాలో బల్ల మీద ముక్కుతాత కూతురు కూర్చుని ఉంది. ఒళ్ళో మూడు నెలల పసిగుడ్డు. పక్కన ఎవరూ లేరు.

కోడలిని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా. నువ్విక్కడేంటి?"

"నాన్నని ఇవ్వం అన్నారక్కా ఆస్పత్రిలో. విచారణ నడుస్తోంది కదా, ఆఫీసు కాగితం తెస్తేనే ఇస్తామన్నారు." కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఏడుపు ఇంకా అందినట్టు లేదు. "కాగితం ఇచ్చే ఆయన లోపల మీటింగులో ఉన్నాడట. అప్పట్నుంచి ఇక్కడే కూర్చున్నా."

"తిన్నావా ఏమైనా?"

"వీడు తాగాడు." పసివాణ్ణి చూపించింది. "వీడికి తాత ముక్కే వచ్చిందని మా నాన్న ఎంత మురిసిపోయాడో. ఆయన ఉద్యోగం వీడికి ఖాయమని అందరితో చెప్పాడు."

కోడలు ఆ పక్కనే కూర్చుంది. లోపలికి వెళ్ళి ఈ పిల్ల తండ్రి పేరు చెప్పాలి. చెబితే రేపు ఈ పిల్లకి నష్టపరిహారం కూడా రాదు. నేరం చేసినవాడి కుటుంబానికి ఎవరిస్తారు?

"ఒక్క సెలవు పెట్టి ఎరగడక్కా జన్మలో," పిల్ల తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంటోంది. "నా పెళ్ళికి కూడా ఒక్క పూట ఉండి వెళ్ళిపోయాడు డ్యూటీకి. నా కాన్పుకే, కష్టమైందని, పదకొండు రోజులు ఆస్పత్రిలో నా మంచం పక్కనే కూర్చున్నాడు. గుమ్మం దాటలేదు. 'తాతా, పురుగులు బెంగపెట్టుకుంటాయి, వెళ్ళు' అని నర్సులు కూడా ఏడిపించారు."

కోడలు మెల్లగా తల తిప్పింది. "ఎప్పుడు పుట్టాడమ్మా వీడు?"

ఆ పిల్ల తేదీ చెప్పింది.

కోడలు కాగితాలు విప్పింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. ఆ నెల. ఆ తేదీ. ఆ తర్వాతి పదకొండు రోజులు.

రెండు పాయింట్ రెండు. రెండు. ఒకటి పాయింట్ ఎనిమిది. రెండు పాయింట్ నాలుగు. రెండు. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆరింటికి, ఎనిమిదింటికి, పదింటికి. ఆ రోజుల్లో ముక్కుతాత కూతురి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ముల్లు మీటర్ మనిషి ఇంకొకరు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"ఏమైందక్కా?"

"ఏంలేదు." ఆమె పసివాడి తల నిమిరింది. "నీ కాగితం నేనే పట్టుకొస్తాను. ఇక్కడే ఉండు."

*

విచారణ గదిలో పొడుగాటి బల్ల. మధ్యలో అధ్యక్షురాలు, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చూసే మనిషి. ఎడమపక్క బ్యాంకు ప్రతినిధి. కుడిపక్క మామగారు, తుడిచిన బూట్లతో, చేతులు బల్ల మీద ఆనించి. ఎదురుగా ఒంటి కుర్చీలో భర్త.

కోడలు ఖర్చుల విభాగం తరఫున లెక్కలు వివరించడానికి వచ్చిందని చెప్పారు. ఆమె నిలబడే చెప్పింది. కరెంటు బిల్లు సంగతి చెప్పింది. ఆ నాలుగు గంటల సంగతి చెప్పింది. సరి అంకెల సంగతి చెప్పేసరికి అధ్యక్షురాలు కళ్ళజోడు పైకి తోసుకుంది. బ్యాంకు ప్రతినిధి రాసుకోవడం ఆపి, కాగితం తన వైపుకి లాక్కున్నాడు.

"అంటే ఇవి వేసింది ముల్లు మీటర్ రోజుల మనిషి."

"అవునండీ. ఈయన చేరకముందే దాన్ని తీసేశారు. ఈ చెయ్యి ఈయనది కాదు."

"ఈ నెలవారీ నివేదికల మీద సంతకం మీదేనా?" బ్యాంకు ప్రతినిధి అడిగాడు.

"నాదే."

"ఖర్చు ఎందుకు తగ్గిందని మీరు ఒక్కసారి కూడా ఆరా తీయలేదు?"

"తీయలేదు. అది నా తప్పు. నేను రాసివ్వడానికి సిద్ధం."

మామగారి కనుబొమలు దగ్గరయ్యాయి. ఇది ఆయన చెప్పిన లెక్కలో లేదు.

అధ్యక్షురాలు పెన్ను కింద పెట్టింది. "సరే. ఆ మీటర్ మీద పనిచేసి, ఇప్పటికీ ఇక్కడున్నవాళ్ళు ఎందరు?"

"ఇద్దరు. ఒకరు పొద్దున్న పోయారు."

మామగారు ఆమె వైపు చూసి నెమ్మదిగా తల ఊపారు. చెప్పు, అన్నట్టు. పాఠం అప్పజెప్పే పిల్లకి ధైర్యమిచ్చే మాస్టారులాగా.

"పోయినాయన చేశారంటారా?"

"కాదండీ. ఆయన పదకొండు రోజులు సెలవులో ఉన్నారు, కూతురి కాన్పుకి. ఆస్పత్రిలో అడగండి, చెబుతారు. ఆ పదకొండు రోజులు కూడా అంకెలు ఆగలేదు."

మామగారి తల ఊగడం ఆగిపోయింది. బల్ల మీద ఆనించిన చేతులు కనిపించకుండా ఒళ్ళోకి జారాయి.

"వద్దు," అన్నాడు భర్త కుర్చీలోంచి. అర్జీ పెట్టుకుంటున్నట్టుంది ఆ గొంతు. "నేనే చేశానని రాసుకోండి మేడం. నేనే చేశాను."

"మీరు ఆగండి," అంది అధ్యక్షురాలు. కోడలు వైపు తిరిగింది. "రెండో మనిషి ఎవరమ్మా?"

ఆమె భర్త వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"మా మామగారు," అంది. "మీ కుడిపక్కన కూర్చున్నారు."